నిజం ఎవరికి చెప్పాలి?

వంద అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు మన పెద్దలు. ఆ పెద్దలే సత్యం కోసం ఆలినీ బిడ్డనీ అమ్ముకున్న హరిశ్చంద్రుడికి దండం పెట్టమన్నారు. భాగవతంలో శుక్రాచార్యుడు ఏయే సందర్భాల్లో బొంకితే పాపం లేదో బలిచక్రవర్తికి వరసగా చెబుతాడు. పెళ్లి మాటల్లో, ప్రాణం మీదికొచ్చినప్పుడు, మానం పోయేటప్పుడు... ఇలా. ఆ జాబితాలో ఒక సందర్భం లేదు. అన్నీ మరిచిపోతున్న ముసలితల్లి, ఎప్పుడో పోయిన మనిషి ఇంకా రాలేదేమని అడిగితే ఏం చెప్పాలి? ఈ ధర్మసందేహాన్ని ఇవాళ ఎన్నో ఇళ్లలో ఆడవాళ్లే వంటింట్లో నిలబడి తేల్చుకుంటున్నారు.

ఈ జబ్బు పేరు డిమెన్షియా. మన దేశంలో అరవై దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా, అంటే దాదాపు 88 లక్షల మందికి ఇది ఉందని 2023లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. మగవాళ్లకంటే ఆడవాళ్లలోనే ఎక్కువట. మన నిమ్స్ డాక్టర్లు 648 మంది రోగుల్ని పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో ఈ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడుతోందని 2013లో ప్రకటించారు. ఇంట్లో తెలుగు, గల్లీలో ఉర్దూ మాట్లాడే మా పాతబస్తీ వాళ్లకిది సంతోషించే కబురే. కానీ ఆలస్యంగా వస్తుందన్నారు గానీ, రాదనలేదు కదా!

మా అత్తమ్మకు వచ్చింది. మేముండేది శాలిబండలో. దీపాలు పెట్టే వేళకు గుమ్మంలోకొచ్చి, "మీ మామ ఇంకా రాలే. దుకాణం బంద్ చెయ్యలేదా?" అంటుంది. మామ పోయి పదకొండేళ్లయింది. ఆమెను చూడవచ్చిన చుట్టం ఒకావిడ, నిజం చెప్పడమే మంచిదని, "ఆయన ఎప్పుడో పోయిండు గదమ్మా" అనేసింది. మనకది పాత సంగతి. అత్తమ్మకు మాత్రం అప్పుడే అందిన చావు కబురు. ఆ రాత్రంతా ఏడ్చింది. తెల్లారాక మళ్లీ అదే ప్రశ్న. రోజుకోసారి పసుపుకుంకుమలు తుడిచెయ్యడాన్ని నిజాయితీ అనడానికి నాకు నోరు రాదు.

అలాగని "వస్తుండు, మదీనా దాకా వచ్చిండట" అని కథలల్లడమూ అక్కర్లేదు. అల్లితే పాపం అర్ధరాత్రి దాకా తలుపు పట్టుకుని నిలబడుతుంది. "మామ యాదికొచ్చిండా అత్తమ్మా? దుకాణం నుంచి వస్తూ ఏం తెచ్చేటోడు?" అని అడుగుతాను. ఇక ఆ ముచ్చట్లలో పడిపోతుంది. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అమెరికాలో ముసలివాళ్ల మధ్య ఏళ్ల తరబడి పనిచేసి, 1982లో పుస్తకం రాసిన నవోమీ ఫైల్ నేర్పిన దారీ ఇదే. వాదించకూడదు, బొంకకూడదు, మాట వెనకున్న దిగులును పట్టుకోవాలి.

జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్ ఊళ్లోని ఒక వృద్ధాశ్రమం ముందు బస్సు రాని బస్‌స్టాపు కట్టారు. "మా ఇంటికి పోతా" అని బయల్దేరినవాళ్లు దానికింద కూచుని, కాసేపటికి ఎందుకొచ్చారో మరిచి నెమ్మదిస్తారు. కొందరు దాన్ని దయ అన్నారు, కొందరు మోసం అన్నారు. మా ఇంటి అరుగు ఆ పనే చేస్తుంది, ఏ మోసం లేకుండా. "జరసేపు ఇక్కడ కూసుందాం పా" అంటే చాలు. వచ్చేపోయేవాళ్లను చూస్తూ ఆమె ఇంటి సంగతి మరిచిపోతుంది.

అన్ని రోజులూ ఇంత సులువుగా గడవవు. దొంగలొచ్చారని వణికిపోతుంటే "ఎల్లగొట్టినం, పండుకో" అంటాను. అది అబద్ధమే. కానీ ఆ మాట ఆమె భయం తీర్చడానికా, నా పని తేలిక కావడానికా అని నన్ను నేను అడుగుతాను. మొదటిదైతే నాకు బాధ లేదు. రెండోదైతే, రేపు ఇంకో అబద్ధం దానికి తోడవుతుంది.

అసలు మోసాలు వేరే ఉన్నాయి. "రేషన్ కార్డు కోసమమ్మా" అని వేలిముద్ర వేయించుకుని ఇల్లు రాయించుకోవడం మోసం. ఏం రాస్తున్నారో అర్థం చేసుకోలేని మనిషి చేసిన ఒప్పందం చట్టం ముందు నిలవదు. చూసుకుంటామన్న షరతుమీద ఆస్తి రాయించుకుని ఆ తర్వాత చూడకపోతే, 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టం కింద దాన్ని రద్దు చేయించవచ్చు. 14567కి ఫోను చేస్తే దారి చెబుతారు.

ఆడపిల్ల పెళ్లికి అడ్డమని జబ్బును దాచి "చాదస్తం" అనడం ఇంకో మోసం. థైరాయిడ్ వల్లా, బి12 లోపం వల్లా కూడా మతిమరుపు రావచ్చు. వాటికి మందులున్నాయి. చాదస్తమని దాచిపెడితే ఆ మందూ అందదు. పైగా ఈ సందుల్లో దారి తప్పితే ఇల్లు చేర్చేది ఎవరు? కిరాణా కొట్టు సేటు, ఆటో స్టాండు అబ్బాయి, ఎదురింటి ఖాలా. వాళ్లకు సంగతి తెలిసుండాలి.

ఇక మనం రోజూ ఆడే అబద్ధం ఒకటుంది. ఆడపడుచు ఫోన్ చేస్తే "అంతా బాగానే ఉన్నాం" అంటాం. ఆమె పండక్కొచ్చి గంట కూచుంటే అత్తగారు చక్కగానే మాట్లాడుతుంది. "అమ్మకేమైంది, బాగానే ఉందిగా!" అని వెళ్లిపోతుంది. రాత్రి మూడుసార్లు లేచేది మనం, పక్కబట్టలు ఉతికేది మనం, కోపిష్టిదన్న పేరూ మనకే.

జ్ఞాపకం పోయిన మనిషికి ప్రతి నిజమూ చెప్పి తీరాలన్న నియమం నాకు లేదు. కానీ జ్ఞాపకం ఉన్నవాళ్లకు చెప్పాల్సిందే. కొడుక్కి, కూతురికి, డాక్టరుకి, గల్లీకి చెప్పాలి. "నావల్ల కావడం లేదు, వారానికి రెండు రోజులు మీరు చూడండి" అనడం తప్పు కాదు. మనం నోరు విప్పి చెప్పాల్సిన నిజం ముందు అదే.