తొంభై రోజుల గోదాము

2025 జనవరి ఆరంభంలో భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ కర్మాగారపు గోదాము నుండి 337 టన్నుల విషవ్యర్థాలు పన్నెండు కంటైనర్లలో పీథంపూర్‌కు తరలిపోయినప్పుడు, "పీడ విరగడైంది" అని నాతో అన్న మిత్రులు పలువురు. వారితో నేను ఏకీభవించలేను.

ప్రమాదకర వ్యర్థాలను పుట్టించినవారు తమ ఆవరణలో 90 రోజులకు మించి నిల్వ ఉంచరాదని 2016 నాటి మన నిబంధనల మాట. ప్రతి పీపాపై చీటీ ఉండాలి, ప్రతి తరలింపుకూ లెక్క ఉండాలి. గడువు పొడిగించే వెసులుబాటు ఉన్నమాట నిజమే. ఇరవై యేళ్ళకు ఆ సాకు చాలదు. 1984 నాటి ఘోరం జరిగిన చోట ఈ విషాన్ని మూటగట్టి గోదాములో చేర్చినదే 2005లో! 2015లో పది టన్నులు ప్రయోగాత్మకంగా కాల్చి, తక్కినది అక్కడే వదిలేశారు.

2025 జూన్ ఆఖరుకు దహనం ముగిసింది. సున్నం కలిపి కాల్చారు గనుక మిగిలిన అవశేషం కాల్చినదాని కంటే ఎక్కువే తూగింది. దానిని సంచుల్లో నింపి మరొక షెడ్డులో పెట్టారు. (నవ్వాలో ఏడవాలో తెలియదు.)

అయినా నా అసలు అభ్యంతరం ఇది కాదు. ఆ 337 టన్నులలో 162 టన్నులు మట్టే. అది మూటలకెక్కిన మట్టి. మన హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, నాగపూర్‌లోని నీరీ కలిసి 2010లో ఇచ్చిన నివేదిక ప్రకారం అక్కడ కలుషితమైన నేల సుమారు 11 లక్షల టన్నులు. సంచిలో ఉంటే వ్యర్థం, కాళ్ళకింద ఉంటే నేలా? పీడ విరగడైందన్న మిత్రులు దానిని ఏ కంటైనర్లకెక్కిస్తారో చెబితే వింటాను.