రెజ్యూమెకి అమ్మ చెయ్యి పడాలి

డిగ్రీ పాసయ్యారన్న కబురు రాగానే రెండ్రోజులు ఇంట్లో సందడే సందడి. మూడోరోజు నుంచీ చుట్టాలు మొదలుపెడతారు, "ఉద్యోగం ఏమైనా వచ్చిందా?" అని. ఆర్నెల్లు గడిచాయా, అబ్బాయయితే "ఇంకా ఖాళీయేనా?" అంటారు. అమ్మాయయితే "ఇంకెందుకు, పెళ్లి చేసెయ్యండి" అంటారు. అందుకే ఆడపిల్లకి మొదటి ఉద్యోగం అంటే జీతం ఒక్కటే కాదండీ, తన మాట చెల్లడం కూడాను. దానికి తొలిమెట్టు రెజ్యూమె. మన రోజుల్లో బయోడేటా అనేవాళ్లం కదా, అదే.

"ఇంటరుతో ఆపేసినదానివి, నీకెందుకు ఈ రెజ్యూమెల గొడవ?" అని మావారు నవ్వారు. ఇంగ్లీషు పిల్లలే రాసుకుంటారు. కానీ వాళ్లు ఏమేం చేశారో మనకన్నా ఎవరికి తెలుసు చెప్పండి?

మా అమ్మాయి బి.కాం. అయ్యాక రాసుకున్నది చూశాను. "కష్టపడి పనిచేస్తాను, అందరితో కలిసిపోతాను, త్వరగా నేర్చుకుంటాను" అని ఉంది. దాని స్నేహితురాలిదీ అక్షరం తేడా లేకుండా అదే! ఒకళ్ల దాంట్లోంచి ఒకళ్లు దించుకున్నారన్నమాట. నలభై చోట్లకి పంపితే ఒక్క పిలుపూ లేదు. ఈలోగా మా ఆడపడుచు ఒక సంబంధం తెచ్చింది. పిల్ల ముఖం చూస్తే ఏడుపొక్కటే తక్కువ.

దాన్ని కూర్చోబెట్టి అడిగాను. "మా డ్వాక్రా గ్రూపు పుస్తకాలు రెండేళ్లు నువ్వే కదే రాశావు?" "అదీ ఒక పనేనా అమ్మా?" అంది. పదిమంది పొదుపు, అప్పు, వడ్డీ నెలనెలా పైసా తేడా రాకుండా రాయడం పని కాదా? ఆరుగురు పిల్లలకి లెక్కలు ట్యూషన్ చెప్పడం? వేసవి సెలవుల్లో కిరాణా కొట్టు బిల్లులు ట్యాలీలో ఎక్కించడం? ఆ "కష్టపడతాను" తీసేసి ఇవి రాయించాం, ఎన్ని నెలలు, ఎంతమందికి అన్న అంకెలతో సహా. తర్వాత పదిహేను చోట్లకి పంపితే మూడు పిలుపులు వచ్చాయి. ఇప్పుడు ఒక ఆడిటర్ గారి ఆఫీసులో చేస్తోంది. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు అడిగింది డ్వాక్రా లెక్కల గురించేనట!

ఇక ఈ సంగతులు గుర్తుంచుకోండి.

1. కొత్తగా చదువు ముగించినవాళ్లకి ఒక్క పేజీ చాలు. పైన పేరు, ఫోను, ఈమెయిలు, ఊరు. తర్వాత చదువు (డిగ్రీ ముందు, టెన్త్ చివర). ఆపైన చేసిన పనులు, కంప్యూటర్ పరిజ్ఞానం, వచ్చిన భాషలు.

2. పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంటుంది, కంపెనీ ఫారాల్లోనేమో చివర్లో పూర్తిగా అడుగుతారు. ఆధార్, పాన్, సర్టిఫికెట్లలో తేడాలుంటే ఇప్పుడే సరిచేయించండి. చేరేరోజు తంటా ఉండదు.

3. "స్వీటీ", "ప్రిన్స్" లాంటి ఈమెయిళ్లు స్నేహితులకి. ఉద్యోగానికి సొంత పేరుతో కొత్తది తెరవమనండి.

4. ప్రైవేటు ఉద్యోగానికి కులం, మతం, పెళ్లి వివరాలు, ఆధార్ నంబరు రెజ్యూమెలో అక్కర్లేదు. సర్కారు ఉద్యోగానికైతే వాళ్లిచ్చిన ఫారం ప్రకారమే నింపాలి.

5. అన్నిటికీ ఒకే రెజ్యూమె పంపకూడదు. పెద్ద కంపెనీల్లో చాలాచోట్ల ముందు సాఫ్ట్‌వేరే జల్లెడ పడుతుంది. ప్రకటనలో ట్యాలీ, జీఎస్టీ అని ఉండి, పిల్లకి అవి నిజంగా వస్తే, ఆ మాటలే కనిపించాలి. రంగులు, బొమ్మలు, పెట్టెలు వద్దు.

6. రానిది వచ్చని రాయనివ్వకండి. చాలా కంపెనీలు విచారించుకుంటాయి. బ్యాంకు పరీక్షలకి చదువుతూ ఏడాది గడిస్తే ఆ మాటే రాయాలి, సిగ్గేముంది?

7. పీడీఎఫ్‌గా దాచి, ఫైలుకి పిల్ల పేరే పెట్టాలి. పంపేముందు పైకి చదివించి వినండి. తప్పులు చెవికి దొరుకుతాయి.

కాలేజీ ప్లేస్‌మెంట్ మాస్టారికి ఒకసారి చూపించడం మంచిది. కేంద్రప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్‌లో పేరు నమోదుకి డబ్బు అక్కర్లేదు. తెలంగాణలో టాస్క్, ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ కూడా పిల్లలకి శిక్షణ ఇస్తాయి.

ఒక్క జాగ్రత్త. రెజ్యూమె ఎక్కడో చూసి "ఉద్యోగం ఖాయం, ముందు ఐదువేలు కట్టండి" అని ఫోన్లు వస్తాయి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు మనకి డబ్బిస్తారు గానీ మన దగ్గర తీసుకోరు. పొరపాటున కట్టేస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

రెజ్యూమె పిలుపు వరకే తెస్తుంది, ఉద్యోగం పిల్లలే తెచ్చుకోవాలి. ఈ ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదు. కాగితం, కలం ఇచ్చి "టెన్త్ నుంచీ ఏమేం పనులు చేశావో చెప్పు" అని అడగండి. వాళ్లు మర్చిపోయినవి మీరు గుర్తుచేయండి. పేజీ ఎలా నిండుతుందో మీరే చూస్తారు!