మరల వచ్చునా, రాదా?

భౌతికపు మార్పునకును రసాయనిక మార్పునకును గల భేదమేమని విద్యార్థుల నడిగినచో, పెక్కుమంది తడుముకొనకుండ నొక్కటే యుత్తరము చెప్పుదురు: "మరల పూర్వస్థితికి వచ్చునది భౌతికము, రానిది రసాయనికము." మంచు కరగి నీరగును, నీరు మరల మంచగును. కట్టె కాలి బూడిదయగును, బూడిద మరల కట్టె కానేరదు. ఈ రెండు దృష్టాంతములతో పాఠము ముగియును. మేమును పెక్కేండ్లు ఇట్లే బోధించితిమి. ఈ సూత్రమును విడిచిపెట్టవలెనని యిప్పుడు మా యభిప్రాయము.

ఒక పరీక్షలో, బియ్యము విసరి పిండి చేయుట యెట్టి మార్పని యడిగితిమి. ఒక బాలుడు, "పిండి మరల బియ్యము కాదు గనుక రసాయనికము" అని వ్రాసెను. తప్పని కొట్టివేసితిమి. ఆతడు మా యొద్దకు వచ్చి, "అయ్యా, తమరు చెప్పిన సూత్రము చొప్పుననే వ్రాసితిని గదా" యని వినయముతో ననెను. మాకు ప్రత్యుత్తరము తోపలేదు. తప్పు బాలునిది కాదు, మాది.

ఇక సున్నమును చూడుడు. శుద్ధమైన సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిని కాల్చినచో, 100 పాళ్ల రాయిలో 44 పాళ్లు బొగ్గుపులుసు వాయువై వెడలిపోయి, 56 పాళ్ల పొడిసున్నము మిగులును. నీరు పోసినచో అది 18 పాళ్ల నీటిని గ్రహించి, సలసల కాగి, 74 పాళ్ల తడిసున్నమగును. గోడకు పూసిన పిమ్మట గాలిలోని ఆ వాయువునే మెల్లమెల్లగా గ్రహించి, నీటిని విడిచి, మరల 100 పాళ్ల సున్నపురాయి యగును. బయలుదేరిన చోటికే వచ్చినది. అయినను నడుమ జరిగిన మూడును రసాయనిక మార్పులే. రాయి కాలినపుడు తగ్గిన బరువు ఆ వాయువుదేయని స్కాట్లండులో జోసెఫ్ బ్లాక్ పండితుడు త్రాసుతో తూచి, 1756లో ప్రకటించెను.

కావున నడుగవలసిన ప్రశ్న "మరల వచ్చునా?" యని కాదు, "క్రొత్త పదార్థము పుట్టినదా?" యని. పిండి యెంత మెత్తనిదైనను బియ్యపు పదార్థమే. ఉప్పు నీట కరగి కంటికి కానరాకున్నను నాలుకకు ఉప్పే. సున్నపురాయియు పొడిసున్నమును మాత్రము వేర్వేరు పదార్థములు. మొదటిదానిపై నీరు పోసిన వేడి పుట్టదు, రెండవదానిపై పోసిన పుట్టును.

చిన్నపిల్లలకు సులభమైన సూత్రము చాలునని కొందరందురు. సులభముగా నేర్చిన తప్పును మరచుట సులభము కాదు. పైగా, చెప్పినట్లు ఆలోచించిన బాలునికే సున్న వచ్చినచో, వాడు ఆలోచించుట మాని వల్లించుట నేర్చును. అది మార్కుల నష్టముకంటె గొప్ప నష్టము.

ఉపాధ్యాయులారా, సున్నపుతేటలో గొట్టముతో ఊది, అది పాలవలె తెల్లబడుట పిల్లలకు చూపుడు. తల్లిదండ్రులారా, పసుపులో సున్నము కలిపి ఎఱ్ఱబడిన పిదప, నిమ్మరసము చాలినంత పిండి, పసుపువన్నె మరల వచ్చుట మీ యింటనే చూడనిండు. ఆ బాలుని మార్కులు మేము దిద్దితిమి. మా పాఠమును ఇప్పుడు దిద్దుకొనుచున్నాము.