తొంభై నిమిషాల లెక్క

నిద్ర గురించి నేను మాట్లాడటమేంటని మా రూమ్మేట్లు నవ్వుతారు. మూడు అలారాలు మోగినా లేవని ఘనుణ్ణి మరి!

నిద్ర తొంభై నిమిషాల సైకిళ్ళలో నడుస్తుందని, సైకిల్ పూర్తయిన చోట లేస్తే హుషారుగా ఉంటామని, మధ్యలో లేస్తే మత్తని ఎవరో చెప్పారు. మనకి అసలే లెక్కలంటే ఇష్టం కదా, ఎక్సెల్ షీటు కూడా వేసేశా (నవ్వకండి). అమెరికా వాళ్ళతో కాల్ అయ్యేసరికి పన్నెండున్నర. ఒంటిగంటకి పడుకుని ఏడింటికి లేస్తే నాలుగు సైకిళ్ళు. రిలీజ్ ఉన్న వారం మూడే, అంటే నాలుగున్నర గంటలు. "ఎంతసేపు పడుకున్నామని కాదు బాసూ, ఎక్కడ లేచామన్నదే పాయింటు" అని టీంలో అందరికీ లెక్చర్లు దంచాను.

అలాగే ఓ రోజు మూడు సైకిళ్ళు ముగించుకుని బండి మీద ఆఫీసుకెళ్తూ కొత్తగూడ దగ్గర కునికాను. ఒక్క క్షణమే. బండి డివైడర్ని రాసుకుంటూ పోయింది. వెనక ఆటో అతను గట్టిగా హారన్ కొడితే తెలివొచ్చింది. మోకాలు దోక్కుపోయింది, అంతే. ఆటో బదులు లారీ అయ్యుంటే? అమ్మకి మాత్రం మెట్ల మీద జారానని చెప్పా.

ఆ తర్వాతే కాస్త చదివాను. సైకిళ్ళు నిజమే. నిద్రలో కళ్ళు చకచకా కదిలే రెమ్ దశ గురించి షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ 1953లోనే రాశారు. కానీ ఆ తొంభై అనేది సగటు. ఒక్కో సైకిల్ 70 నుంచి 120 నిమిషాల దాకా ఉండొచ్చు, ఒకే మనిషికి ఒకే రాత్రిలో కూడా మారుతుంది. సైకిల్‌కి పది నిమిషాలు తేడా వస్తే ఐదో సైకిల్‌కి యాభై నిమిషాల ఎర్రర్. పైగా కచ్చితంగా ఎప్పుడు నిద్రపట్టిందో మనకే తెలీదు, ఇన్‌పుటే తప్పు! ఇంకోటి, సైకిళ్ళన్నీ ఒకటి కాదు. గాఢనిద్ర ఎక్కువగా మొదటి సగంలో, రెమ్ ఎక్కువగా తెల్లవారుజామున. చివరిది కోసేస్తే పోయేది ఎక్కువగా రెమ్మే. అమెరికాలోని రెండు నిద్ర వైద్య, పరిశోధన సంఘాలు 2015లో పెద్దవాళ్ళకి కనీసం 7 గంటలన్నాయి. అందులో తొంభైతో భాగహారం ఏమీ లేదు.

షీటు తీసేశా. ఇప్పుడు ఆదివారమైనా ఏడింటికే లేస్తున్నా. ఏడింటికి లేవడం మన చేతిలో ఉంది, పదకొండింటికి పడుకోవడమే లేదు. నవంబరులో వాళ్ళు గడియారం మార్చుకుంటే మన పదకొండున్నర కాల్ పన్నెండున్నరకి పోతుంది. వాళ్ళ ఉదయం ఎనిమిదికి జరపమని మేనేజర్ని అడిగా. వాళ్ళకది పిల్లల్ని బడిలో దింపే టైమట! చివరికి టీంలో వంతులు వేసుకుని, రోజుకి ఒక్కరమే కాల్లో ఉండేలా ఒప్పించాం. ఇదైనా ముందే అడిగుండాల్సింది.

ఈ రాత్రి నా వంతు కాదు.