దీపం పెట్టిన తరువాత



ఈ నెల మాగాయ సంగతి వ్రాస్తానని మాట ఇచ్చాను గాని, దాన్ని వచ్చే నెలకు దాటవేస్తున్నాను. క్షమించాలి.

మా గబ్బూరులో, వీధి చివరింట, ఒక నర్సమ్మగారున్నారు. దేవదుర్గం తాలూకా పల్లెల్లో ముప్ఫయి యేళ్ళు పురుళ్ళు పోసి, టీకాలు వేసి, ఇటీవలే పింఛను పుచ్చుకున్నారు. తెలుగువాళ్ళం అందరమూ ఆమెను అక్కయ్యగారూ అనే పిలుస్తాం. ఆదివారం ప్రార్థన తప్పరు. ఆమె కథలు వ్రాస్తారని మాత్రం ఎవరికీ తెలియదు. ఆరు నెలల క్రిందట మూడు నోటుబుక్కులు నా చేతిలో పెట్టి, "చదివి చెప్పు చెల్లీ, పనికిరాకపోతే పొయ్యిలో పెట్టేస్తాను" అన్నారు. నేను వాటిని బీరువా మీద పెట్టి మరచిపోయాను. అదీ నా నిర్వాకం!

మొన్న వచ్చినప్పుడు ఆమె పుస్తకాలు అడగలేదు. కాఫీ గ్లాసు పట్టుకొని కూర్చుని, "రోగుల దగ్గర ఉండవలసిన వేళ దొంగిలించి వ్రాశానేమోనమ్మా" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రే మూడూ చదివాను. చదువుతూంటే కృపాబాయి సత్యనాథన్ జ్ఞాపకం వచ్చింది.

కృపాబాయి 1862లో అహమ్మదునగరంలో, క్రైస్తవం పుచ్చుకున్న మహారాష్ట్ర బ్రాహ్మణ కుటుంబంలో పుట్టింది. 1878లో మదరాసు వైద్య కళాశాలలో చేరి మొదటి యేడు బహుమతులు తెచ్చుకుంది. ఆరోగ్యం చెడి చదువు మానవలసి వచ్చింది. పెళ్ళయి ఉదకమండలం వెళ్ళి, అక్కడ ముస్లిం బాలికలకు బడి పెట్టింది. ఆ తరువాత కొంతకాలం మన రాజమండ్రిలో కాపురం. అక్కడా ఒంట్లో బాగుండేది కాదు. ఒక్కగానొక్క బిడ్డ యేడాది నిండకుండా పోయింది. ఆమె వ్రాసిన నవల 'సగుణ'. 1887-88లో మదరాసు క్రైస్తవ కళాశాల పత్రికలో వరుసగా వచ్చింది. రెండవ నవల 'కమల' జబ్బుతోనే పూర్తి చేసింది. 1894లో, 32 యేళ్ళకే కన్ను మూసింది.

ఆమె భర్త శామ్యూల్ సత్యనాథన్ తరువాత పెళ్ళాడిన కమలగారు మన తెలుగింటి ఆడపడుచే. భార్యాభర్తలిద్దరూ కలిసి భారత క్రైస్తవుల జీవితం మీద కథల పుస్తకం వెలువరించారు. 1901లో ఆమె స్త్రీల కోసం ఇంగ్లీషు మాసపత్రిక ప్రారంభించింది. 1906లో భర్త పోయినా పిల్లలను పెంచుకుంటూనే ఆ పత్రిక నడిపింది. వీళ్ళిద్దరూ వ్రాసినది ఇంగ్లీషులోనే. ఆనాటి మన అమ్మమ్మలకు ఆ కథలు అందలేదే అని నాకెప్పుడూ వెలితి.

'సగుణ'లో నాకు నచ్చినది ఉపదేశం కాదు. ఆడపిల్లవు, నీకు చదువెందుకన్నచోట ఆ పిల్లకు కలిగే ఉక్రోషం. అది చదివితే ఒళ్ళు వేడెక్కుతుంది. ఉపదేశం వచ్చినచోట నేను పేజీ తిప్పేస్తాను; కృపాబాయి కోప్పడదనుకుంటాను.

మరునాడు నోటుబుక్కులు పట్టుకొని వెళ్ళాను. వేళ దొంగిలించిన మాట నేను తీర్చేది కాదన్నాను. కాని ప్రతి కథకూ క్రింద తేదీ, గంట వేసి ఉన్నాయి: రాత్రి పదకొండు, పన్నెండున్నర. ఆ వేళల్లో రోగులెవరున్నారక్కయ్యా, అన్నాను. ఆమె ఆ తేదీలు తామే మరచిపోయారట!

ఇంకొక మాట కూడా చెప్పాను, భయపడుతూనే. ప్రతి కథా చివరి పుటలో అందరికీ మారుమనసు కలిగి, జబ్బులన్నీ నయమైపోతాయి. ఒక్క కథలో మాత్రం, వాన రాత్రి ఎద్దుబండిలో వెళ్ళిన నర్సు చేరేసరికే బాలింత పోయి ఉంటుంది. నర్సు ప్రార్థన చేయబోయి, మాట పెగలక, పసిబిడ్డను ఒళ్ళో వేసుకొని తెల్లవారేదాకా కూర్చుంటుంది. దానికి కూడా ఒక మంచి ముగింపు అతికించారు. అది తీసేయమన్నాను.

అక్కయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. "ఆ పిల్లకిప్పుడు పెళ్ళీడు. మన సంతలోనే కనబడుతుంది" అన్నారు. తరువాత ఆ పుటను నెమ్మదిగా చింపి, మడిచి, బైబిలులో పెట్టుకున్నారు.

మాగాయ వచ్చే నెల తప్పక.