పెరట్లోకి క్వెండా రావాలంటే

పశ్చిమ ఆస్ట్రేలియాలోని పెర్త్ శివార్లలో పొద్దున్నే పెరటి తలుపు తీస్తే, కొన్ని ఇళ్ల పచ్చికలో గరాటు ఆకారపు గుంటలు కనిపిస్తాయి. బెత్తెడు లోతు, ఒక పక్కకు చిమ్మిన మట్టి. అది క్వెండా పని. చూడ్డానికి పందికొక్కులా ఉన్నా ఇది ఎలుకల కుటుంబానికి చెందదు; కంగారూలా పిల్లల్ని సంచిలో పెంచుతుంది. ఆ సంచి మూతి వెనక్కి ఉంటుంది కాబట్టి తల్లి తవ్వుతున్నా పిల్లల మీద మట్టి పడదు. శాస్త్రవేత్తలు దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది 2018లోనే.

పచ్చిక పాడైందని విసుక్కునేవారు ఒక లెక్క చూడాలి. అక్కడి పరిశోధకుల అంచనా ప్రకారం ఒక్కో క్వెండా ఏడాదికి సుమారు 3.9 టన్నుల మట్టిని తిరగేస్తుంది. పురుగుల కోసం, నేలలోపలి శిలీంధ్రాల కోసం తవ్విన ఆ గుంటల్లో రాలిన ఆకు చేరి మాగుతుంది, వాన నీరు ఇంకుతుంది. ఇంత సేద్యం కూలి లేకుండా జరుగుతోంది!

దాన్ని రప్పించడానికి పెద్ద స్థలం అక్కర్లేదు. కంచె కింద దూరేంత సందు, మోకాలెత్తున దట్టంగా పెరిగే స్థానిక పొదలు, ఊడ్చి పారేయని ఆకులు ఉంటే చాలు.

తిండి మాత్రం పెట్టకూడదు. గిన్నెలో మేతకు అలవాటుపడితే ఒకేచోట గుమిగూడి కొట్టుకుంటాయి, రోగాలు అంటించుకుంటాయి. ఎలుకల మందు అసలే వద్దు. అన్నిటికంటే కష్టమైన షరతు పెంపుడు పిల్లిది: దాన్ని ఇంట్లోనే ఉంచాలి. ఇందులో రాజీ కుదరదు.

పొదలు నాటడానికి అక్కడ తొలి వానలు పడే మే నెల అనువైనది. మిగతా వివరాలు లోపలి పేజీల్లో.