జోడీ కలిసింది, ఆంప్లి కాలింది

పెళ్లికి జాతకాలు చూసినట్టు ట్రాన్సిస్టర్లకు జోడీ చూసే ఆచారం మా వైపు మైక్‌సెట్ మెకానిక్కుల్లో ఇంకా నడుస్తూనే ఉంది. బస్సెక్కి కోఠి గుజరాతీ గల్లీకి పోతారు. "పాత స్టాక్ ఉందా సేటూ?" అని అడుగుతారు. రెండు చెవుల స్టీలు టోపీలా ఉండే 2ఎన్3055లు డబ్బాలోంచి గుప్పెడు ఏరుకుంటారు. వాటి కాళ్లు మీటర్ రంధ్రాల్లో పట్టవు కాబట్టి మూడు వైరు ముక్కలు తగిలించి, గెయిన్ 92కి 92, 87కి 87 దొరికేదాకా వదలరు. పాతదాంట్లో ఉన్న దమ్ము కొత్తదాంట్లో లేదన్నది ఒక నమ్మకం. గెయిన్ కలిస్తే ఆంప్లిఫయర్‌కు ఢోకా లేదన్నది ఇంకో నమ్మకం. ఈ రెండూ తప్పని నా వాదన. ఒకప్పుడు నేనూ ఈ మతంలో ఉన్నవాణ్నే.

మా ఎర్రవల్లి పేరు చెబితే బయటివాళ్లకు కేసీఆర్ ఫాంహౌస్, 2015 డిసెంబర్‌లో జరిగిన అయుత చండీయాగం గుర్తొస్తాయి. నాకు మాత్రం ఓ మే నెల బరాత్ గుర్తొస్తుంది. ప్లస్ 25, మైనస్ 25 వోల్టుల సప్లై మీద పక్కకు రెండు చొప్పున నాలుగు 2ఎన్3055లు పెట్టి నేనే కట్టిన ఆంప్లి అది. జంటలు కలిపి, గుర్తుకు గోళ్ల రంగుతో చుక్కలు కూడా పెట్టాను. ఒక జంటకు ఎర్ర చుక్క, ఇంకో జంటకు గులాబీ చుక్క. ఎమిటర్ రెసిస్టర్లు వెయ్యలేదు. "జోడీ కలిసినంక రెసిస్టర్ దండుగ తమ్మీ, సౌండు తింటది" అన్నాడు నేను గురువుగా భావించిన పెద్ద మెకానిక్ ఒకాయన.

రాత్రి పదకొండు దాటాక పెళ్లికొడుకు బాబాయి వచ్చాడు. "ఇంకో రెండు బాక్సులు తగిలియ్ అన్నా, సౌండే వస్తలేదు." తగిలించాను. నాలుగు 8 ఓముల బాక్సులు ఒకే తీగకు వేలాడితే లోడు 2 ఓములకు పడిపోతుందని నాకు తెలుసు. తెలిసీ తగిలించాను, అది నా తప్పే. ఇరవై నిమిషాలకు గుయ్‌మని ఒక మోత, ఆ వెంటనే వార్నిష్ మాడిన వాసన. ఊఫర్ కోన్ ముందుకు పొడుచుకొచ్చి అట్లే బిగుసుకుపోయింది. టార్చి వెలుతురులో మూత తీసి చూస్తే ఎర్ర చుక్కల జంటలో ఒకటి షాట్. దాని కింది మైకా గోధుమరంగుకు తిరిగింది. పక్కనున్న దాని తోడు మాత్రం వేలు పెట్టి నిదానంగా తీసేంత వెచ్చగా ఉంది, అంతే. జాతకం కలిసిన జంటలో బరువంతా ఒకటే మోసింది, రెండోది చూస్తూ కూర్చుంది.

ఎందుకలా జరిగిందో తెలియాలంటే మీటర్ కొలిచేదేమిటో చూడాలి. మన చేతుల్లో తిరిగే పసుపు రంగు చవక మీటర్ బేస్‌కు ఇచ్చేది దాదాపు 10 మైక్రో ఆంపియర్లు. కలెక్టర్ దగ్గర ఉండేది సుమారు 3 వోల్టులు. గెయిన్ 100 అనుకున్నా కలెక్టర్‌లో పారేది ఒక్క మిల్లీ ఆంపియర్. బరాత్‌లో అదే ట్రాన్సిస్టర్ మూడు ఆంపియర్లు మోస్తుంది, అంటే మూడు వేల రెట్లు. 2ఎన్3055 డేటాషీటులో 4 ఆంపియర్ల దగ్గర గెయిన్ 20 నుంచి 70 దాకా ఎంతైనా ఉండొచ్చని రాసి ఉంటుంది. 10 ఆంపియర్ల దగ్గరైతే కనీసం 5 అంటారు, అంతే! మీటర్ మీద కవలల్లా కనిపించినవి బరువెక్కాక ఒకదానికొకటి సంబంధం లేకుండా పోతాయి. ఎద్దు పళ్లు లెక్కపెడితే వయసు తెలుస్తుంది, దుక్కి తెలియదు.

పక్కపక్కన కట్టిన రెండు ట్రాన్సిస్టర్లు బరువు పంచుకోవడంలో గెయిన్ కంటే బేస్‌కు, ఎమిటర్‌కు మధ్య ఉండే వోల్టేజి ముఖ్యం. రెండింటికీ 20 మిల్లీవోల్టుల తేడా ఉందనుకోండి. రెసిస్టర్లు లేకపోతే ఒకటి రెండోదానికంటే రెట్టింపుకు పైగా కరెంటు లాగుతుంది. లాగింది వేడెక్కుతుంది. డిగ్రీకి 2 మిల్లీవోల్టుల చొప్పున ఆ వోల్టేజి పడిపోతుంది కాబట్టి తొమ్మిది పది డిగ్రీలు తేడా వచ్చేసరికి ఇంకో రెట్టింపు. మళ్లీ వేడి, మళ్లీ కరెంటు. చల్లటి పొద్దున బల్ల మీద ఎంత కలిపినా పెళ్లి పందిట్లో ఆ కలయిక నిలవదు.

అదే ఒక్కోదానికి 0.22 ఓముల తెల్ల సిమెంటు రెసిస్టర్ పెట్టండి. ఆ 20 మిల్లీవోల్టుల తేడాతో ఒకటి రెండోదానికంటే సుమారు 90 మిల్లీ ఆంపియర్లకు మించి ఎక్కువ లాగలేదు. మూడు ఆంపియర్ల పక్కన అదొక లెక్కా? ఇక సౌండు తినడం సంగతి. జంటలో రెండు రెసిస్టర్లూ కలిసి 0.11 ఓములు, ఎదురుగా స్పీకర్ లోడు 4 ఓములు. బ్యాండు మేళం మధ్య ఆ తేడా పట్టే చెవి ఉన్నవాడికి నేను నమస్కారం పెడతాను.

పాతదాని దమ్ము కథ ఇంతకంటే తమాషాగా ఉంటుంది. 1960ల మొదట్లో ఆర్‌సీఏ కంపెనీ తెచ్చిన అసలు 2ఎన్3055 హోమెటాక్సియల్ పద్ధతిలో చేసింది. అది నిజంగా మొండి ఘటం, కాదనను. కానీ నిదానం కూడా, దాని వేగం 0.8 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోయేది. తర్వాత అదే నంబరుతో ఎపిటాక్సియల్ రకం వచ్చింది. దానికి కనీస వేగమే 2.5. ఆ నిదానపు సరుకును లెక్కలో పెట్టుకుని గీసిన పాత సర్క్యూట్‌లో ఈ చురుకైనదాన్ని వేస్తే ఒక్కోసారి చెవికందని పౌనఃపున్యంలో అదే ఊగడం మొదలుపెడుతుంది. పాట లేకుండానే హీట్‌సింక్ కాలుతుంది, కాసేపటికి ట్రాన్సిస్టర్ పోతుంది. "కొత్త మాల్ల దమ్ములేదు" అని తీర్పు. దోషం సరుకుది కాదు, సర్క్యూట్‌ది. చాలాసార్లు అవుట్‌పుట్ దగ్గర 10 ఓముల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరసగా పెట్టి, డ్రైవర్ దగ్గర ఓ చిన్న కెపాసిటర్ వేస్తే ఆ జబ్బు కుదురుతుంది. ఇంకో సంగతి. నలభై ఏళ్ల కిందటివి ఇంకా పాడుతున్నాయని చూపిస్తారు. పాడనివి పాత ఇనుము వాడికి పోయాయి కదా, వాటిని ఎవరు చూపిస్తారు?

పైగా "పాత స్టాక్" అంటూ చేతిలో పెట్టేదంతా పాతది కాదు. అలా కొన్న నాలుగింటిని ఓసారి థిన్నర్ గుడ్డతో తుడిస్తే రెండింటి మీద పేరు గుడ్డకే వచ్చింది. ఒకదాని టోపీని ఆక్సా బ్లేడుతో కోశాను. లోపల జొన్నగింజంత చిప్. 15 ఆంపియర్లు మోయాల్సింది అదేనట! ఇంకా పాతవైన జెర్మేనియం ట్రాన్సిస్టర్ల మీద కొందరికున్న పిచ్చి గురించి ఎక్కువ చెప్పను. సిలికాన్ 2ఎన్3055 జంక్షన్ 200 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది, ఏసీ188 లాంటి జెర్మేనియం 90 దగ్గరే చేతులెత్తేస్తుంది. మన ఎండలకు అది తగదు.

జోడీ పూర్తిగా దండుగని మాత్రం అనను. 1969 ఏప్రిల్ వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో జాన్ లిన్స్‌లీ హుడ్ ఇచ్చిన 10 వాట్ల క్లాస్ ఏ ఆంప్లిఫయర్‌లో రెండు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లనూ ఒకే డ్రైవర్ నడుపుతుంది. అక్కడ గెయిన్లు కలిస్తే వక్రీకరణ తగ్గుతుంది, ఆయనే ఆ మాట రాశాడు. అయితే 8 ఓములకు ఆ సర్క్యూట్ ఊరికే కూర్చున్నప్పుడు పారే కరెంటే 1.2 ఆంపియర్లు. కలిపితే ఆ కరెంటు దగ్గర, హీట్‌సింక్ మీద బిగించి, వేడెక్కాక కలపాలి. పసుపు మీటర్ ఆ పని చెయ్యదు.

జోడీల కోసం పొద్దంతా కూర్చునేవాళ్లు మైకా కింద పేస్టు రాయడానికి రెండు నిమిషాలు కూర్చోరు. 115 వాట్ల ట్రాన్సిస్టర్ అని గొప్పగా చెప్పుకుంటాం. టోపీ 25 డిగ్రీల దగ్గర ఉంటేనే ఆ 115. జంక్షన్ నుంచి టోపీకి వాటుకు 1.52 డిగ్రీల లెక్కన, టోపీ 85కు చేరేసరికి అది 75 వాట్ల సరుకే. మే నెలలో టార్పాలిన్ కింద పెట్టిన డబ్బాలో 85 ఎంతసేపు? నా బరాత్ ఆంప్లిలో వేడిని పసిగట్టి కరెంటు తగ్గించాల్సిన బయాస్ డయోడు హీట్‌సింక్‌కు తగలకుండా బోర్డు మీదే ఉండిపోయింది. ట్రాన్సిస్టర్లు ఉడుకుతుంటే దానికి కబురే అందలేదు. చుక్కలు పెట్టడానికి కేటాయించిన శ్రద్ధలో పావు వంతు అక్కడ పెట్టి ఉంటే ఊఫర్ దక్కేది.

ఎర్ర చుక్కల్లో మిగిలింది ఇప్పటికీ పనిచేస్తోంది. దాని పక్కన వేరే కంపెనీది, మీటర్ మీద దానికి ఆమడ దూరంలో ఉన్నది పెట్టాను. మధ్యలో 0.22 ఓములు, డయోడు హీట్‌సింక్‌కు అంటించి ఉంది. కొమురవెల్లి మల్లన్న జాతర ఆదివారాల్లో పొద్దంతా మోగుతుంది. ఎవరైనా వచ్చి "జోడీ కలిపినవానే?" అంటే మూత తీసి తెల్ల రెసిస్టర్లు చూపిస్తాను. చాలామంది చుక్క వైపే చూస్తారు.